నీ చుక్కానిలో నీళ్ల సంగతి

అన్నాపోలిస్

ఒరేయ్ సూరీ,

పడవను గట్టెక్కించి రోజులు గడిచినా చుక్కాని అడుగు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయని రాశావు. బెంబేలెత్తకు, పాత తెరచాప పడవలు కొన్న వాళ్లందరిదీ ఇదే కథ. బయటికి అది ఒకే దిమ్మలా కనిపిస్తుంది కానీ లోపలున్నవి రెండు ఫైబర్‌గ్లాస్ చిప్పలు, వాటి మధ్య ఫోమ్, అందులోకి పైనుంచి దిగిన స్టెయిన్‌లెస్ స్టీల్ ఇరుసు, ఆ ఇరుసుకు వెల్డింగ్ చేసిన రెక్కలు. ఎండకూ చలికీ ఉక్కు ఒక తీరున సాగితే, ఫైబర్‌గ్లాస్ మరో తీరున సాగుతుంది. పైగా చుక్కాని తిప్పినప్పుడల్లా భారమంతా ఇరుసు లోపలికి దిగే మెడ దగ్గరే పడుతుంది. అక్కడి అతుకు ఎప్పుడో ఒకప్పుడు వెంట్రుకవాసి విడిపోతుంది. నీటికి అదే రాజమార్గం.

మా చెసాపీక్ బేలో ఉప్పు బెడద అయితే, మీ మిచిగన్ సరస్సులో మంచు బెడద. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బి చిప్పలను లోపలి నుంచే చీల్చేస్తుంది. అందుకే షికాగోలో గట్టి చలి మొదలవకముందే చుక్కాని అడుగున చిన్న బెజ్జాలు వెయ్యి. గాలి ఆడడానికి పైన కూడా ఒకటి ఉండాలి. ఇరుసు, దాని రెక్కలు ఉన్న చోట మాత్రం డ్రిల్లు పెట్టకు. ఆ తర్వాత కొబ్బరికాయ బేరమాడేటప్పుడు తట్టినట్టు చుక్కానినంతా తట్టి చూడు. మొద్దుగా మోగిన చోట ఫోమ్ తడిసిందనో, చిప్ప ఊడిందనో అనుమానించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, కారే నీటి రంగు. తేటగా ఉంటే ఊపిరి పీల్చుకో. గోధుమరంగులో ఉంటే మాత్రం లోపల ఉక్కును తుప్పు తినేస్తోందేమో చూడాలి. స్టెయిన్‌లెస్‌ను కాపాడే సన్నని పొరకు ఆక్సిజన్ కావాలి. తడి ఫోమ్‌లో నిలవ నీటికి అది అందదు, కాబట్టి పడవలకు వాడే మేలైన 316 రకం స్టెయిన్‌లెస్ ఉక్కుకైనా అక్కడ భరోసా లేదు. ఎవరినైనా టిల్లర్‌ను, అదే చుక్కాని తిప్పే పిడిని, కదలకుండా పట్టుకోమని, నువ్వు చుక్కాని వెనక అంచును అటూ ఇటూ నెట్టు. ఇరుసు కదలకుండా చుక్కాని మాత్రమే ఊగిందంటే లోపలి రెక్కలు విరిగినట్టే.

సీలు వేసే పనికి తొందరేమీ లేదు, వసంతంలో చూసుకుందాం. తడి చుక్కానిని మూసేయడం కంటే తెరిచి ఉంచడమే మేలు. పూర్తిగా ఆరాక బెజ్జాలను చిక్కటి ఎపాక్సీ జిగురుతో పూడ్చు. మెడ చుట్టూ మాత్రం ఎపాక్సీ వద్దు, గట్టిపడేది ఏదైనా అక్కడ మళ్లీ పగులుతుంది. ఇరుసు చుట్టూ పావు అంగుళం వెడల్పు, అర అంగుళం లోతున గాడి తీసి, ఉక్కును గరుకుకాగితంతో రుద్ది, శుభ్రంగా తుడిచి, సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంట్ నింపు. మీ యార్డులో ఎవరో సిలికాన్ పూసేయమన్నారన్నావు చూడు, ఆ మాట వినకు. దాని జిడ్డు మిగిలిన చోట ఆ తర్వాత ఏదీ సరిగ్గా అతుక్కోదు. ఇంత చేసినా ఆ సీలు శాశ్వతం కాదు. పడవ గట్టెక్కినప్పుడల్లా గోరుతో గీకి చూసుకోవాలి.

నీటి రంగు చూసి ఫోన్ చెయ్యి. తుప్పు నీరే అయితే ఒక పక్క చిప్ప కోయక తప్పదు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో గ్రైండర్ పట్టుకుని నేనే వస్తాను, గోంగూర పచ్చడి సిద్ధం చేయమని చెల్లెమ్మతో చెప్పు.

నీ,
రఘు