నెట్ బాగానే ఉంది, తెర ఎందుకు వెలగదు?

సంపాదకులకు నమస్కారం.

గాలివానల కాలం వచ్చింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆస్పత్రి ఓపీలో టోకెన్ నంబర్లు చూపే టీవీ నల్లగా ఉండిపోతుంది. ‘నెట్ రావట్లేదండీ’ అని కౌంటర్లో వాళ్లు చేతులెత్తేస్తారు. ఇలాంటి టీవీల వెనక ఉండే చిన్న కంప్యూటర్ పెట్టెలకు సాఫ్ట్‌వేర్ రాయడమే నా ఉద్యోగం. చాలాసార్లు నెట్‌ది తప్పే కాదు, దానికోసం పెట్టె కాచుక్కూర్చునే పద్ధతిది.

మొన్న ఒక ఆస్పత్రిలో చూశాను. జనరేటర్ అందుకోగానే టీవీ వెనకున్న పెట్టె, గోడ మీది నెట్‌వర్క్ స్విచ్ (నెట్ కేబుళ్లను కలిపే పెట్టె) రెండూ ఒకేసారి మొదలయ్యాయి. తెర మీద ఒక ఇంగ్లిష్ లైను, పక్కన సెకన్ల లెక్క, అంతే. పాత పద్ధతి స్విచ్ అయితే కేబుళ్లు ఎక్కడైనా లూప్ అయ్యాయేమో, అంటే డేటా గుండ్రంగా తిరిగేలా కలిశాయేమో చూసుకోవడానికి 15 సెకన్లు, మళ్లీ ఇంకో 15 సెకన్లు డేటాను వదలదు. పెట్టె మాత్రం ఈలోగా ‘ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో నా చిరునామా) ఇవ్వండి’ అని అడుగుతూనే ఉంటుంది. జవాబు రాకపోతే, ఈ అడ్రస్ అడిగి తీసుకునే డీహెచ్‌సీపీ పద్ధతి ప్రకారం 4 సెకన్లు, తర్వాత 8, 16, 32 సెకన్లు ఆగి అడగాలి. కాస్త అటూ ఇటూగా లెక్కేయండి. 0, 4, 12, 28 సెకన్ల దగ్గర అడిగినవన్నీ గాలికి పోయాయి. 30 దగ్గర దారి తెరుచుకుంది. పెట్టె మళ్లీ అడిగేది 60 దగ్గర! నిమిషంలో సగం ఎవరికీ పనికిరాకుండా పోయింది.

నెట్ కేబుల్ పెట్టే పోర్టులు రెండున్న పెట్టె అయితే మరీ ఘోరం. ఇలాంటి పెట్టెల్లో నడిచే లినక్స్‌లో, మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీ వాళ్ల నెట్‌వర్క్ సర్వీస్ మనం మార్చకపోతే కేబుల్ పెట్టని పోర్టు కోసం కూడా 120 సెకన్లు చూస్తుంది. ఆ పోర్టు అక్కర్లేదని ఒక్క లైను రాస్తే సరిపోతుంది, రాసే తీరికే ఎవరికీ లేదు.

స్విచ్‌లో పెట్టె కేబుల్ ఉన్న పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ (ఆ 30 సెకన్లు ఆగకుండా డేటా వదిలే సెట్టింగ్) పెట్టడం ఎంతోసేపు పట్టదు. గోడకు బిగించిన పెట్టెకు ప్రతిసారీ అడగక్కర్లేకుండా స్థిరమైన అడ్రస్ ఇవ్వొచ్చు. అసలు తెర చూపే ప్రోగ్రామును నెట్ వచ్చాకే మొదలవ్వాలని కట్టేయకూడదు. చివరి టోకెన్ నంబరు చూపిస్తూ, కింద ‘సర్వర్ కోసం చూస్తున్నాం’ అని తెలుగులో వేసి, వెనకాల ప్రయత్నం చేసుకోవచ్చు కదా!

నిజంగా ఆగాల్సినవీ ఉన్నాయి. రేషన్ షాపు ఈ-పోస్ మిషన్ ఆధార్ వేలిముద్ర సరిచూడాలంటే నెట్ ఉండాల్సిందే. గడియారం బ్యాటరీ లేని బోర్డుకు అసలు టైమ్ తెలిసేదాకా సెక్యూర్ కనెక్షన్ కుదరకపోవచ్చు. అయినా తెర వెలిగించి ఆ సంగతి చెప్పడానికి నెట్ దేనికి?

కొనే శాఖలు ర్యామ్ ఎంత, తెర ఎన్ని అంగుళాలు అన్నీ టెండర్లో రాస్తాయి. కరెంటు ఇచ్చాక ఎన్ని సెకన్లలో పనికి సిద్ధమవ్వాలో మాత్రం నేను చూసిన టెండర్లలో లేదు. మా కంపెనీల డెమోలన్నీ అప్పటికే ఆన్‌లో ఉన్న స్విచ్ మీద జరుగుతాయి, ఈ జబ్బు అక్కడ బయటపడదు. అధికారులు బిల్లు పాస్ చేసే ముందు కేబుల్ పీకేసి ఒకసారి, స్విచ్‌నూ పెట్టెనూ కలిపి ఆపి ఆన్ చేసి ఇంకోసారి, వాచీ చూసుకుంటూ తమ ఎదుటే పరీక్ష చేయించుకోవాలి.

– ఒక ఎంబెడెడ్ ఇంజినీర్, కుషాయిగూడ, హైదరాబాద్