ఇకపై ఆర్డర్లు మెయిల్‌లోనే

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి కొత్త ఆర్డర్లు, వాటిలో మార్పులు ఈమెయిల్‌లో మాత్రమే తీసుకుంటాం. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు అలాగే ఉంటాయి, కానీ అక్కడ ఆర్డర్ల సంగతి మాట్లాడం. ఇది అందరికీ నచ్చదని తెలుసు. అందుకే కారణం ఉన్నదున్నట్టు చెబుతున్నాం.

మాది ప్రింటింగ్ పని. ఒక విజిటింగ్ కార్డు సంగతే చూడండి. డిజైన్ మెయిల్‌లో వస్తుంది. ఫోన్ నంబర్లో చివరి అంకె మార్చమని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. కాగితం ఇంకాస్త మందంగా ఉండాలని ఇన్‌స్టాగ్రామ్‌లో. ఆఖరికి "ఓకే, కానివ్వండి" అని మళ్ళీ వాట్సాప్‌లో. ఆ ఓకే పాత ప్రూఫ్‌కా (ప్రింట్‌కి ముందు మేం చూపించే నమూనా), కొత్తదానికా? అది తేల్చుకునేలోపు కార్డులు కత్తిరించి డబ్బాలో సర్దేయొచ్చు. ఒకసారి ప్రింట్ అయ్యాక అంకె మార్చడం ఎవరి తరమూ కాదు.

మెయిల్ పాతబడిపోయిందనే మాట చాలాకాలంగా వింటున్నాం. 1971లో రే టామ్లిన్‌సన్ రెండు కంప్యూటర్ల మధ్య మొదటి నెట్‌వర్క్ మెయిల్ పంపినప్పటి నుంచి దాని వెనక ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో! ఇది నిలబడటానికి కారణం ఒక్క కంపెనీ చేతిలో లేకపోవడమే. మీది జీమెయిలైనా, యాహూ అయినా, మీ ఆఫీసు మెయిలైనా మాకు అందుతుంది. ఫోన్ మార్చినా పాత ప్రూఫ్ వెతికితే దొరుకుతుంది.

ఒక ఆర్డర్‌కి ఒకే మెయిల్ పెట్టి, మార్పులన్నీ దానికే రిప్లైగా పంపండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కూర్చుని అన్నిటికీ జవాబిస్తాం. మధ్యలో చూడం, మెషీన్ దగ్గర ఉంటాం. నిజంగా అర్జెంటైతే ఫోన్ చేయండి.

ఈమధ్య ఏఐ రాసిన పేజీడు మెయిల్స్ కూడా వస్తున్నాయి. వాటిని మేం మళ్ళీ ఏఐకి ఇచ్చి రెండు లైన్లు చేయించుకోవడం దేనికి? ఆ రెండు లైన్లే పంపండి, తప్పులున్నా పర్వాలేదు. మా జవాబులు మాత్రం మనుషులే రాస్తారు.

మా వైపు నుంచి వచ్చే రద్దీ కూడా తగ్గిస్తున్నాం. వారం వారం ఆఫర్ల మెయిల్ ఆపేశాం. కొత్త రకం కాగితమో, మెషీనో వస్తేనే రాస్తాం. ఒక్క క్లిక్‌తో జాబితా నుంచి తప్పుకోవచ్చు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిల్స్ పంపేవాళ్ళు ఈ సౌకర్యం ఇచ్చి తీరాలని 2024లో గూగుల్ నిబంధన పెట్టింది. మేం అంత పెద్దవాళ్ళం కాదు, అయినా పెట్టాం. మీరు మెయిల్ తెరిచారో లేదో, అందులోని చిన్న బొమ్మ లోడైందా అన్నదాన్ని బట్టి చూసే ట్రాకింగ్ కూడా తీసేశాం. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో ప్రైవసీ సెట్టింగ్ ఆన్ చేసుకుంటే మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడవుతున్నాయి కాబట్టి ఆ లెక్కకి ఎలాగూ విలువ లేదు.

వాట్సాప్‌లో ఇప్పటికే సగంలో ఉన్న ఆర్డర్లు అక్కడే పూర్తి చేస్తాం. వాటికి మళ్ళీ మెయిల్ పెట్టక్కర్లేదు.