రేడియోలో రాగం పేరు, పుస్తకం వెల కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఈ వారం ఏ సినిమా విడుదలవుతుందో, ఏ టీవీలో ఏ ఆట వస్తుందో మీ పత్రిక చూస్తే తెలిసిపోతుంది. స్థానిక రేడియోలో ఎవరి కచేరీ ఉందో, ఏ కొత్త పుస్తకం గురించి ఎవరు మాట్లాడబోతున్నారో మాత్రం ఎక్కడా కనబడదు. నా ఫిర్యాదు సగం మీ మీద, సగం రేడియో వారి మీద.

ముందు వారి సంగతి. నేను వినే కేంద్రం పేరు ఇక్కడ అనవసరం. అక్కడ మంచి కచేరీలే వస్తాయి. కానీ 'ఇప్పుడు శాస్త్రీయ సంగీతం' అని మొదలుపెట్టి, చివర గాయకుడి పేరుతో సరిపెడతారు. రాగమేది, తాళమేది, కృతి ఎవరిది, వయొలిన్ మీద ఎవరు, మృదంగం మీద ఎవరు అన్న ఊసే ఉండదు. సభలో అయితే పక్కవారిని అడగవచ్చు. రేడియో ముందు కూర్చున్నవారికి అనౌన్సరే దిక్కు. ముఖారికీ భైరవికీ తేడా పట్టగలిగినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పట్టలేనివారే ఎక్కువ, వారి కోసమే చెప్పాలి. 'ముఖారి రాగం, ఆదితాళం, త్యాగరాజ కృతి' వంటి ప్రకటనలు వినీ వినీ రాగాలు గుర్తుపట్టడం నేర్చుకున్నవారు మన మధ్య చాలామందే ఉన్నారు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం నుంచి ఓలేటి వెంకటేశ్వర్లుగారు సంగీత పాఠాలే చెప్పేవారు. పాఠాల మాట అటుంచి, పేర్లు చెప్పడానికి అర నిమిషం పట్టదు.

పక్కవాద్యాల వారికి జరిగే అన్యాయం ఇంకా పెద్దది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వినిపించే భాగం) అందుకోగానే సమయం మించిందని కోసేస్తారు. మృదంగం వాయించినాయన పేరూ చెప్పరు, ఆయన వాయించిందీ విననివ్వరు!

పాత రికార్డింగుల దగ్గరా ఇదే తంతు. మహా విద్వాంసుల కచేరీలు మళ్ళీ మళ్ళీ వేయడం మీద నాకు ఏ పేచీ లేదు, ఎన్నిసార్లు వేసినా వింటాను. అది ఏ సంవత్సరపు రికార్డింగు, పక్కన వాయించింది ఎవరు అన్నది చెప్పకుండా వేయడమే బాధ. ఆ వివరాలు తెలిసిన పాతతరం సిబ్బంది, శ్రోతలు ఉండగానే రాసి పెట్టుకోకపోతే తర్వాత ఎవరిని అడుగుతారు? మరో మాట. ఆ కచేరీలు ఈ రోజు మనకు దక్కాయంటే, అప్పట్లో ఎవరో ఆ కళాకారులను స్టూడియోకు పిలిపించి, పాడించి, టేపులు దాచబట్టే. ఆడిషన్ నెగ్గి గ్రేడు తెచ్చుకున్న నేటి యువ గాయకులకు పిలుపు రాకపోతే మన మనవలు వినడానికి ఏమీ మిగలదు.

ఇక కొత్త పుస్తకాలు. 'రచయిత లోతైన భావాలను సరళమైన శైలిలో ఆవిష్కరించారు' అనే వాక్యాన్ని ఏ పుస్తకానికైనా తగిలించవచ్చు, తగిలిస్తున్నారు కూడా. అంతా అయ్యాక ప్రచురణకర్త ఎవరో, వెల ఎంతో, ఎక్కడ దొరుకుతుందో చెప్పరు. విన్నవాడు పుస్తకం కొనేదెలా? పొగడ్తలు తగ్గించి రచయిత చేతనే రెండు పేజీలు చదివించవచ్చు కదా. మాండలికంలో రాసిన కథను అచ్చులో తడుముకుంటూ చదివే పాఠకుడికి, ఆ ప్రాంతపు గొంతు వినిపిస్తే సగం కష్టం తీరుతుంది. ఆ పని రేడియో చేయగలిగినంత బాగా పత్రిక చేయలేదు. బుచ్చిబాబు, దాశరథి, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు ఉద్యోగాలు చేసిన తెలుగు రేడియోకు ఈ సలహా ఇవ్వవలసి రావడమే వింత.

ఇప్పుడు మీ సంగతి. ఒకప్పుడు ఆకాశవాణి తెలుగు కార్యక్రమాల వివరాలతో 'వాణి' అనే పత్రిక వచ్చేది. దినపత్రికలూ రేడియో కార్యక్రమాలు వేసేవి. ఇప్పుడు ఫోనులోనే రేడియో వినవచ్చు. శాస్త్రీయ సంగీతానికే ప్రత్యేకించిన 'రాగం' ఛానెల్‌ను 2016 జనవరి 26న ఆకాశవాణి ప్రారంభించింది. సంగీతం ఇష్టపడే ఇళ్ళలో కూడా అలాంటిది ఒకటి ఉందని తెలియనివారు నాకు తరచూ తగులుతుంటారు. ఎవరైనా చెబితే కదా తెలిసేది!

మీ సాహిత్య పేజీలో వారానికి ఒకసారి చిన్న పెట్టె కేటాయించండి. కచేరీ అయితే రోజు, వేళ, కళాకారులందరి పేర్లు. పుస్తక పరిచయమైతే పుస్తకం, రచయిత, మాట్లాడేవారు. అంత చాలు. వివరాలు ముందుగా పంపే బాధ్యత కేంద్రాలది. ఏ కేంద్రమైనా పంపకపోతే దాని పేరు వేసి 'ఈ వారం వివరాలు అందలేదు' అని అచ్చు వేయండి. మరుసటి వారం తప్పకుండా పంపుతారు.

భవదీయుడు,
ఒక శ్రోత, మీ పాఠకుడు