ఈల లేని కౌబాయ్ సినిమా

ఒరేయ్ ప్రసాదూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నాకింకా అరగలేదు. "ఎనభై ఏడేళ్ళ పెద్దాయన కదా అని జాలిపడి ఆస్కార్ ఇచ్చారు. ఆ 'హేట్‌ఫుల్ ఎయిట్' సంగీతంలో ఏముందిరా, కౌబాయ్ సినిమా అన్నాక ఒక్క ఈల కూడా లేదు" అని తేల్చిపారేశావు. నేను నోరు తెరిచేలోపే మీవాణ్ణి ట్యూషన్‌లో దింపాలంటూ ఫోను పెట్టేశావు. అందుకే ఉత్తరం. ఇందులో మధ్యలో కట్ చేసే సౌకర్యం లేదు, తీరిగ్గా చదువు.

ముందొకటి చెప్పు. దాన్ని ఫోన్ స్పీకర్లోనే విన్నావు కదూ? అక్కడే సగం కేసు కొట్టుకుపోయింది. నువ్వు జాలి చూపించిన ఆ పెద్దాయన, ఇటలీ సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనె, ఈ సినిమాకి కట్టిన సంగీతంలో ప్రాణమంతా అడుగున ఉంది. బసూన్లనే లోగొంతు ఊదువాద్యాలు, వాటికన్నా కింద పలికే కాంట్రబసూన్, డబుల్ బేస్‌లు. ఆ మంద్రస్వరాలు ఫోన్ స్పీకర్‌కి అందవు. నువ్వు విన్నది పైపైన తేలే వయొలిన్లు మాత్రమే. అసలు మనిషిని చూడకుండా అతని గొడుగు చూసి వచ్చేశావు.

ఇక ఈల సంగతి. 1964లో సెర్జియో లియోనీ తన మొదటి కౌబాయ్ సినిమా తీసినప్పుడు చేతిలో డబ్బుల్లేవు. పెద్ద ఆర్కెస్ట్రాని పిలిచే స్తోమత లేదు. మోరికోనె, లియోనీ చిన్నప్పుడు రోమ్‌లో ఒకే బడిలో, ఒకే తరగతిలో చదివినవాళ్ళు. ఉన్నదాంట్లోనే ఏదో చేద్దామని మోరికోనె ఆ సినిమాకి ఈల, కొరడా దెబ్బ, గంట, ఎలక్ట్రిక్ గిటార్ కలిపి లాగించాడు. ఆ ఈల వేసింది అలెస్సాండ్రో అలెస్సాండ్రోనీ. మోరికోనె అయితే టైటిల్స్‌లో సొంత పేరు కూడా వేసుకోలేదు, డాన్ సావియో అని ఓ దొంగ అమెరికన్ పేరు పెట్టుకున్నాడు. లేమిలో పుట్టిన ఆ శబ్దం ప్రపంచమంతా పాకింది. మన దాకా కూడా వచ్చింది: 1971లో కృష్ణ గుర్రమెక్కిన 'మోసగాళ్ళకు మోసగాడు' ఆ గాలికి పుట్టిందే కదా. తమాషా ఏంటంటే ఆ సినిమాకి సంగీతం చేసింది 'సువర్ణసుందరి' పాటలు కట్టిన ఆదినారాయణరావే. ఆ చేత్తోనే ఇదీ! దాని మీద ఇంకో ఉత్తరం రాయాలి, ఇప్పుడు వద్దు.

నేను చెప్పేదేమిటంటే, ఆ ఈల మోరికోనెకి ఒక అవసరం. మనం దాన్ని ఆయన సంతకం చేసేశాం. నాలుగొందలకు పైగా సినిమాలు చేసిన మనిషిని పట్టుకుని ఆ నాలుగైదు సినిమాల ఈలే మళ్ళీ వెయ్యమంటే ఆయనకి ఎంత విసుగు పుడుతుందో ఆలోచించు. మూడు దశాబ్దాలకు పైగా కౌబాయ్ సినిమా జోలికే పోలేదు. తీరా 2015లో ఒప్పుకున్నప్పుడు, లియోనీ సినిమాల ఛాయ దీని మీద పడకూడదని గట్టిగానే అనుకున్నాడు. కాబట్టి ఈల లేకపోవడం లోపం కాదు నాయనా, అది పంతం.

ఒప్పుకోవడం కూడా తేలిగ్గా జరగలేదు. ఈ సినిమా దర్శకుడు టరాంటినో అప్పటికి ఎన్నో ఏళ్ళుగా మోరికోనె పాత ట్యూన్లు తీసి తన సినిమాల్లో వాడుకుంటున్నాడు. 2013లో రోమ్‌లో విద్యార్థులతో మాట్లాడుతూ పెద్దాయన "ఇతను సంగీతాన్ని పొంతన లేకుండా వాడతాడు" అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడు, అది పేపర్లకెక్కింది, తర్వాత నా మాటల్ని మార్చి రాశారని సర్దిచెప్పుకున్నాడు. అంత జరిగాక కూడా టరాంటినో స్క్రిప్టు పట్టుకుని రోమ్ వెళ్ళాడు. స్క్రిప్టు చదివి బావుందన్నవాళ్ళలో మోరికోనె భార్య మరియా కూడా ఉంది. ఇంటావిడ ఓటు పడ్డాక ఇంకేం మాట్లాడతాం చెప్పు.

అసలు విశేషం ఇది: సినిమా చూడకుండా సంగీతం రాశాడు. మన దగ్గర రీరికార్డింగ్ అంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు. రిలీజు డేట్ పోస్టర్ మీద పడిపోయి ఉంటుంది, రీలు వస్తుంది, హీరో తల తిప్పితే ఒక దెబ్బ, తలుపు తెరిస్తే ఒక దెబ్బ. ఇక్కడ ఆ గోలే లేదు. స్క్రిప్టు చదివి, పియానో కూడా ముట్టకుండా, నేరుగా కాగితం మీద ఏ వాద్యం ఏం వాయించాలో మొత్తం తనే రాసుకున్నాడు. ఆయన పద్ధతే అంత, మన ఇళయరాజా లాగా. ప్రాగ్‌లో చెక్ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసి ఇచ్చేశాడు. ఎక్కడ ఏది పెట్టుకోవాలో టరాంటినో ఇష్టం. అందుకే ఈ సంగీతం దృశ్యం వెనక పరిగెత్తదు.

మొదటి షాటు గుర్తు తెచ్చుకో. మంచులో కొయ్య శిలువ, దాని మీద క్రీస్తు, తల మీదా భుజాల మీదా మంచు పేరుకుని ఉంటుంది. కెమెరా ఆ ముఖం నుంచి ఎంత నిదానంగా వెనక్కి జరుగుతుందంటే జరుగుతోందని కూడా కాసేపటికి గాని తెలీదు. ఎక్కడో దూరంగా గుర్రబ్బండి వస్తుంటుంది. తెర మీద అంతకన్నా ఏమీ జరగట్లేదు. కానీ కింద నుంచి బసూన్ మొదలవుతుంది. పాట కాదు, పట్టుమని కొన్ని స్వరాలు. అవే మళ్ళీ, మళ్ళీ. తీగవాద్యాలు వచ్చి చేరతాయి, ఇత్తడి వాద్యాలు వచ్చి మీద పడతాయి, అయినా ఆ బసూన్ తన నాలుగు మాటలు తప్ప ఇంకోటి అనదు. బండిలో ఎవరున్నారో మనకింకా తెలీదు. ఎవరు మంచివాడో తెలీదు. కానీ ఈ బండెక్కినవాళ్ళు బతికి బట్టకట్టరని మాత్రం తెలిసిపోతుంది. ఆల్బంలో ఆ భాగం ఏడున్నర నిమిషాలు. నువ్వు ఎన్నో నిమిషం దగ్గర ఆపేశావో నాకు తెలుసు.

కౌబాయ్ సినిమా సంగీతం అంటే మైదానం, ఆకాశం, గుర్రం అనుకుంటాం. ఇది మంచు తుఫానులో ఒక గదిలో తలుపేసుకుని కూర్చున్న మనుషుల కథ. వాళ్ళలో అబద్ధం చెప్తున్నదెవరో తేలాలి. అంటే నిజానికి దయ్యాల సినిమా లెక్క. మోరికోనె సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు.

ఇంకో మలుపు విను, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 1982లో జాన్ కార్పెంటర్ 'ది థింగ్' అని తీశాడు. అదీ మంచే, అంటార్కిటికా. అదీ తలుపులు మూసుకున్న మగాళ్ళ గుంపే, ఎవడు మనిషో ఎవడు భూతమో తెలీదు. అందులోనూ ఈ సినిమాలో ఉన్న నటుడు కర్ట్ రస్సెలే. దానికీ మోరికోనె సంగీతమే. చాలా రాశాడు, సినిమాలో కొంతే వాడారు. పైగా ఆ ఏడాది చెత్త సంగీతానికి ఇచ్చే రాజీ అవార్డుకి దాన్ని నామినేట్ చేశారు! ముప్పై మూడేళ్ళ తర్వాత ఆ మిగిలిపోయిన ముక్కల్లో కొన్ని ఈ సినిమాలోకి వచ్చి చేరాయి. అప్పుడు వెక్కిరించినదే ఇప్పుడు ఆస్కార్ వచ్చిన సినిమాలో కూర్చుంది. పాతది ఎక్కడ, కొత్తది ఎక్కడ అని అతుకు వెతుకు, అంత సులువుగా దొరకదు.

ఇక లింకన్ ఉత్తరం. అమెరికా అధ్యక్షుడు లింకన్ తనకి రాశాడంటూ శామ్యూల్ జాక్సన్ జేబులో పెట్టుకు తిరిగే ఉత్తరం అబద్ధమని సగంలోనే మనకి తెలిసిపోతుంది కదా. చివర్లో అతనూ, మానిక్స్ అనే ఇంకో పాత్రా ఇద్దరూ రక్తం మడుగులో పడి ఉంటారు, మానిక్స్ ఆ ఉత్తరం అడిగి తీసుకుని పైకి చదువుతాడు. అక్కడ ఇంకో సంగీత దర్శకుడైతే వెటకారం చేసేవాడు. మోరికోనె ఒక ట్రంపెట్ పెట్టాడు. నిటారుగా, నిజాయితీగా, ఆ ఉత్తరం నిజమే అన్నట్టు వాయిస్తుంది. చదువుతున్నది దొంగ ఉత్తరమని వాడికి తెలుసు, వింటున్నవాడికి తెలుసు, మనకీ తెలుసు, ఒక్క ట్రంపెట్‌కే తెలీదు. నాకు గొంతు పట్టేసింది. ఆయన నాన్న ట్రంపెట్ వాద్యకారుడు, ఆయన కూడా కన్సర్వేటరీలో మొదట నేర్చుకున్నది ట్రంపెట్టే. అందుకని పెట్టాడని నేననను. కానీ ఆ వాద్యం ఎక్కడ బరువెక్కుతుందో ఒంటికి తెలిసిన మనిషి పని అది.

జాలి ఆస్కార్ అన్నావు గనక ఆ లెక్కా చూద్దాం. అంతకుముందు ఐదుసార్లు నామినేషన్ వచ్చి చేతికి రాలేదు. 'ది మిషన్'కి ఇవ్వకపోవడం ఇప్పటికీ అన్యాయమే. 2007లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, ఇటాలియన్‌లో ఆయన మాట్లాడింది క్లింట్ ఈస్ట్‌వుడ్ అనువాదం చేశాడు. జాలి అనేది ఉంటే దాంతోనే తీరిపోవాలి. 2016 ఫిబ్రవరిలో వచ్చింది పోటీలో వచ్చింది. ఎదురుగా హాలీవుడ్ సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ఉన్నాడు, వేదిక ఎక్కగానే మోరికోనె ఆయన పేరు తలచుకున్నాడు, బహుమతి మరియాకి అంకితమిచ్చాడు. అకాడమీవాళ్ళకి పాత బాకీ గుర్తొచ్చి ఉండొచ్చు, కాదనను. అయినా ఆ ఏడాది నామినేట్ అయినవాటిలో మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది నాకు ఇదొక్కటే.

సినిమా మీద మాత్రం నీతో గొడవ లేదు. మాటలెక్కువ, రక్తం ఇంకా ఎక్కువ. మధ్యలో ఆ పాప్ పాటలు ఎందుకు పెట్టాడో టరాంటినోకే తెలియాలి, బసూన్ కట్టిన బిగువంతా సడలిపోతుంది. డెబ్భై ఎంఎం ప్రింట్లకి ముందు ఓవర్చరు, అంటే సినిమా మొదలయ్యే ముందు వినిపించే సంగీతం, మధ్యలో ఇంటర్వెల్ పెట్టి అక్కడ అదో పెద్ద విశేషంలా చెప్పుకున్నారు. ఇంటర్వెల్‌కి మురిసిపోయే జనాన్ని చూస్తే మన సమోసాల బండివాడికి నవ్వొస్తుంది.

కాబట్టి ఇలా చెయ్యి. మీ హాల్లో ఆ పెద్ద స్పీకర్లు ఉత్తినే దుమ్ము పట్టి ఉన్నాయి కదా, వాటికి పెట్టి ముందు ఆ గుర్రబ్బండి భాగం విను. ఆ తర్వాత 'నేవె' అని ఒకటుంది, పన్నెండు నిమిషాలు దాటుతుంది, రాత్రి అందరూ పడుకున్నాక పెట్టుకో. లింకన్ ట్రంపెట్ ఆఖర్న. మాటలు కలిపిన రికార్డింగు కూడా ఉంది, నువ్వు మాటల్లేనిదే విను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. మీవాడు లెక్కల్లో కొంచెం కుదురుకున్నాడా? దసరాకి వచ్చేట్టయితే టికెట్లు ఇప్పుడే చేయించు, తర్వాత వెయిటింగ్ లిస్టే గతి. వచ్చేటప్పుడు నా దగ్గర్నుంచి పట్టుకెళ్ళిన ఇళయరాజా క్యాసెట్లు తీసుకురా. ప్లేయరు బాగుచేయించాను.

నీ
రాంబాబు