ముంపు ఊరు చూపించాలంటే ముందు నీటిమట్టం చూడండి

సంపాదకులకు,

సెలవులొస్తే పిల్లలకు శ్రీశైలం జలాశయంలో మునిగిన తాతల ఊరు చూపిద్దామని బ్యాక్‌వాటర్ వైపు వచ్చే కుటుంబాలు కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో గది దొరుకుతుందా, దారి బాగుందా అని నలుగురినీ అడుగుతాయి. జలాశయంలో నీరెంత ఉందో మాత్రం అడగవు. తీరా వచ్చాక ఎటు చూసినా నీళ్లే. "మన ఊరేది?" అని ఆరేళ్ల పిల్ల అడిగితే నీటి వైపు చెయ్యి చూపించి ఊరుకోవలసి వస్తుంది.

జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. కృష్ణలో భవనాశి కలిసే చోట ఉన్న సంగమేశ్వరం గుడి, వేపదారు లింగంతో సహా, పూర్తిగా బయటపడాలంటే మట్టం దాదాపు 840 అడుగులకు దిగాలి. ఈ మధ్యలో ఒక్కో ఊరిది ఒక్కో ఎత్తు. గట్టుకు దగ్గరగా ఉన్న ఊళ్లు ముందు తేలతాయి, పాత ఏటి ఒడ్డున ఉన్నవి ఆఖరుకు. కొన్ని తేలనే తేలవు. వరద తక్కువైన ఏడాది గుడి జనవరికే కనబడుతుంది, బాగా వచ్చిన ఏడాది మార్చి దాకా ఆగాలి. అందుకే తేదీ చూసి కాదు, మట్టం చూసి బయల్దేరాలి.

చిన్నపిల్లలతో అయితే మార్చి రెండో పక్షం నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు మేలు. మే నెలలో ఊరు ఇంకా బాగా కనబడుతుంది గానీ, ఆ బయల్లో చెట్టు నీడ అన్నది ఉండదు. అమెరికా నుంచి వచ్చేవాళ్లకు జూన్ తప్ప దారి లేదు. జూలై ఆఖరుకు ఎగువ నుంచి వరద మొదలైతే అంతా మళ్లీ నీటి కిందికే. ఏ నెలలో వచ్చినా తెల్లవారి ఆరింటికి నేల మీదికి దిగి తొమ్మిదిన్నరకల్లా గట్టెక్కాలి.

ఇక ఆ నేల సంగతి. కట్టినప్పుడు ఈ జలాశయం సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు మీ పత్రికలో వేసేది సుమారు 215.8. తగ్గినదంతా ఒండ్రు. పెద్దవాళ్లు తమ ఇంటి జాగా పోల్చుకోలేకపోవడానికి అదే కారణం: పునాదులు, వీధులు మట్టి కింద ఉన్నాయి, రాతి గుళ్లు, కోట గోడలు, ఎత్తు దిబ్బలు మాత్రమే గుర్తుకు మిగిలాయి. ప్రమాదమూ దాంతోనే. పైన ఎండి అరచెయ్యంత బీటలు వారిన మట్టి పెద్దవాళ్లను మోసినట్టే ఉంటుంది, నీటి అంచు దగ్గరపడే కొద్దీ లోపల ఇంకా జావలాగే ఉంటుంది. గొర్రెల మందలు నడిచిన బాట పట్టుకుని పోతే భయం లేదు. బాట లేనిచోట ముందు కర్ర దించి చూడాలి. జానెడు సులువుగా దిగిందంటే వెనక్కి తిరగడమే. గుండ్రంగా కుంగి, చుట్టూ రాళ్లు కనబడే చోటు పాత బావి అయి ఉండొచ్చు, అటు పిల్లల్ని పోనివ్వకూడదు. చెప్పులు కాదు, మడమ మూసుకునే బూట్లు తొడగాలి. తుమ్మముళ్లు ఒండ్రులో కనబడవు. నేల ఏటవాలు చాలా తక్కువ కాబట్టి మట్టం ఒక్క అడుగు పెరిగినా నీరు చాలా దూరం ముందుకొస్తుంది. వరద రోజుల్లో అంచున బండి నిలపకండి.

రాకముందే ఇంట్లో పెట్టె వెతకండి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే 1986 నాటి జీవో 98 కింద ఉద్యోగం కోసం చాలా ఇళ్లలో ముంపు సర్టిఫికెట్ దాచుకున్నారు. ఊరి పేరు, ఇంటి పెద్ద పేరు అందులో దొరుకుతాయి. తెలంగాణ వైపు ఊళ్లకు 1954-55 ఖాస్రా పహాణీ నకలు అడగాలి, సర్వే నంబరు, పట్టాదారు, తండ్రి పేరు ఉంటాయి. కర్నూలు వైపు అయితే పాత అడంగల్, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం). భూసేకరణ అవార్డు నకలు దొరికితే మరీ మంచిది. భూమితో పాటు బావి, కొట్టం, చింతచెట్టు, వేపచెట్టు లెక్కగట్టి పరిహారం రాసి ఉంటారు. తాతకు ఎన్ని చింతచెట్లు ఉండేవో కాగితం మీద చదివిన పిల్లవాడికి ఆ బయలు వేరుగా కనబడుతుంది. నకళ్లకు నెల ముందే దరఖాస్తు పెట్టండి, సెలవుపెట్టి వచ్చాక తిరిగితే కుదరదు. గ్రామ నక్షలో గుడి, కుంట గుర్తులుంటాయి. గుడి నిలిచి ఉంటే అక్కడి నుంచి అడుగులు కొలవొచ్చు.

మట్టం దిగని కాలంలో వస్తే నిరాశపడనక్కర్లేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. సోమశిల సోమేశ్వరుడినీ గట్టు మీదికి తరలించారు. రాళ్లు అతికిన చోట్లు పిల్లలకు వేలుపెట్టి చూపించండి.

సోమశిల రేవు నుంచి మరబోటులో సంగమేశ్వరం వైపు వెళ్లేవాళ్లు లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటపడొద్దు. పెద్దల జాకెట్ పిల్లకు తొడిగితే నీళ్లలో అది తలపైకి జారి పోతుంది, పిల్ల కిందికి పోతుంది. బరువు కిలోల్లో రాసిన పిల్లల జాకెట్ కావాలి. తొడిగి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూడండి. చెవుల దాకా లేస్తే అది పనికిరాదు. పుట్టిలో (గుండ్రటి తట్టపడవలో) చిన్నపిల్లల్ని ఎక్కించడం మానండి. మధ్యాహ్నం గాలి లేస్తే ఇంత వెడల్పు నీటిలో అలలు పెద్దవవుతాయి, కాబట్టి తిరుగు ప్రయాణం పొద్దున్నే ముగించాలి. 2007లో మంచాలకట్ట దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు.

మీ పత్రికకు ఒక మనవి. జలాశయాల మట్టాల పట్టిక మీరు వేస్తూనే ఉన్నారు. జనవరి నుంచి జూన్ దాకా శ్రీశైలం వరుస కింద ఒక్క వాక్యం చేర్చండి: ఈ మట్టానికి ఏ గుడి, ఏ పాత ఊరు బయటపడ్డాయో. సమాచారం మీ మండల విలేకరుల దగ్గర ఉంటుంది. బోటు నిర్వాహకులు ప్రతి బోటులో కనీసం నాలుగు పిల్లల జాకెట్లు ఉంచాలి. సోమశిల రేవులో అడుగుల గుర్తులతో ఒక కొలతస్తంభం, పక్కన ముంపు ఊళ్ల పేర్ల బోర్డు పెట్టించే పని పర్యాటక శాఖది.

- ఒక పాఠకుడు, కొల్లాపూర్