శీనుకి, గ్రాంటు దరఖాస్తు సంగతులు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఈ సంగతులు ఫోన్లో మాట్లాడుకుంటే సగం గాలికి పోతాయి. పైగా నువ్వు అడిగినవి ఒకటీ రెండూ కాదు. ఏ కంపెనీని అడగాలి, ప్రపోజల్ ఎలా రాయాలి, ఎంత అడగాలి, ఏయే కాగితాలు కావాలి... అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు.

ముందుగా, మీ మండలంలో లెక్కలూ సైన్సూ చెప్పే టీచర్ల శిక్షణకి నడుం కట్టావని తెలిసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. రిటైరయ్యాక మనవాళ్ళు చాలామంది గుడి కమిటీల్లోనో రియల్ ఎస్టేట్లోనో చేరారు. నువ్వు మళ్ళీ బడి గడప తొక్కుతున్నావు. చెల్లెమ్మ కూడా ఒప్పుకుందని రాశావు, అదింకా మంచి కబురు.

సరే, పనిలోకి వద్దాం. నీ మొదటి ప్రశ్న ఎవర్ని అడగాలని. నేనైతే దాన్ని పక్కన పెట్టమంటాను. ముందు నువ్వేం చేయబోతున్నావో నీకే గట్టిగా తెలియాలి. "విద్యా ప్రమాణాలు పడిపోయాయి, ఉపాధ్యాయులకు నాణ్యమైన శిక్షణ అవసరం" అని రాస్తే చదివేవాడికి ఏమీ కనిపించదు. వాడి బల్ల మీద అలాంటివి బోలెడు పడి ఉంటాయి. నువ్వొక బడికి వెళ్ళి అయిదో తరగతిలో కూర్చో. 407 లోంచి 159 తీసెయ్యమని పిల్లలకివ్వు. పలకల మీద 352 కనిపిస్తుంది చూడు. ఏడులోంచి తొమ్మిది పోదు కాబట్టి తొమ్మిదిలోంచి ఏడు తీశారు, సున్నాలోంచి అయిదు పోదు కాబట్టి అయిదు అలాగే దించారు. ప్రతి స్థానంలోనూ పెద్దదాంట్లోంచి చిన్నది తీయడమే వాళ్ళకి తెలిసిన తీసివేత. టీచరు "పక్కనుంచి అప్పు తెచ్చుకోండి" అంటారు. పక్కన సున్నా ఉంది, దాని దగ్గర ఏముందని ఇస్తుంది?

ఇప్పుడు అదే లెక్కని చీపురుపుల్లల కట్టలతో చేయించు. వందేసి పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు ఏడు. ఒక వంద కట్ట విప్పితే పది పదులు. అందులో ఒక పది విప్పితే పది విడి పుల్లలు. మిగిలినవి మూడు వందలు, తొమ్మిది పదులు, పదిహేడు ఒకట్లు. ఇక తీసివేత దానంతటదే నడుస్తుంది, 248 వస్తుంది. మా శిక్షణలో ఇది చేయించినప్పుడు ఒక ఎస్జీటీ (చిన్న తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు) మేడం రబ్బరుబ్యాండు చేతిలో పట్టుకుని, "సున్నా కొట్టేసి తొమ్మిది వేయమని ఇన్నేళ్ళూ చెప్పాను సార్, ఆ తొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకెవరూ చెప్పలేదు" అన్నారు. నీ ప్రపోజల్ మొదటి పేజీలో ఇలాంటిది ఉండాలి, మీ మండలంలో నువ్వు కళ్ళారా చూసింది. ఆ తరవాత కావాలంటే లెక్కలు పెట్టు. పల్లె పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ 2024 నివేదిక ప్రకారం మన దేశపు పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్ళు 30.7 శాతం. 2022లో అది 25.6. అంటే మెరుగవుతోంది, అదీ రాయి. అంతా నాశనమైపోయిందని రాస్తే టీచర్లని అవమానించినట్టవుతుంది. రేపు నువ్వు కలిసి పనిచేయాల్సింది వాళ్ళతోనే.

ఇక అసలు మాట. ఈ ఉత్తరంలో ఇదొక్కటే గుర్తుపెట్టుకున్నా చాలు. టీచర్లకి శిక్షణలు లేక కాదురా. 2019లో కేంద్రం నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచర్లు, హెడ్మాస్టర్లు వగైరా కలిపి 42 లక్షల మందిని లక్ష్యంగా పెట్టుకున్నారు. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్సు మీటింగులున్నాయి, ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షలో వీడియోలున్నాయి. లేనిదల్లా శిక్షణ అయిన పదిహేను రోజులకి ఆ టీచరు తరగతికి వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుని, "మేడం, కట్టలు బాగా చేయించారు, మరి కట్టల నుంచి పలక మీది అంకెలకి ఎలా తీసుకొద్దాం?" అని అడిగే మనిషి. శిక్షణలో నేర్చుకున్నది తరగతిలో మొదటిసారి తప్పకుండా తడబడుతుంది. అప్పుడు తోడు లేకపోతే ఆ టీచరు పాత పద్ధతికే వెళ్ళిపోతారు. తప్పు ఆమెది కాదు.

మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం గురించి వినే ఉంటావు. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 మిడిల్ స్కూళ్ళలో మొదలుపెట్టాయి. 1982లో ఏకలవ్య సంస్థ పుట్టాక అది చాలా జిల్లాలకు పాకింది. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా నడిచింది. వాళ్ళు వేసవి శిబిరాలతో సరిపెట్టుకోలేదు. నెలనెలా టీచర్ల సమావేశం పెట్టారు, బడులకు వెళ్ళి చూసి వచ్చేవాళ్ళని ఏర్పాటు చేశారు. ఆ పని అన్నేళ్ళు నిలబడిందంటే ఆ నెలసరి సమావేశాల వల్లేనని నా నమ్మకం.

కాబట్టి నువ్వు మూడు వందల మందికి మూడు రోజుల శిక్షణ అని రాయకు. ముప్ఫై మందికి రెండేళ్ళు అని రాయి. కంపెనీవాళ్ళు వెంటనే "ఒక్కో టీచరుకి ఖర్చు ఎక్కువైపోతోందండీ" అంటారు. అనక మానరు. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకో. ఒక టీచరు దగ్గర ఏడాదికి పాతికమంది పిల్లలుంటే, పదేళ్ళ సర్వీసులో రెండు వందల యాభై మంది. ఖర్చు ఆ పిల్లల మీద లెక్కేసి చూపించు. బడ్జెట్ తగ్గించమన్నప్పుడు వాళ్ళు మొదట కొట్టేసేది బడి సందర్శనల పద్దునే. అది శిక్షణ అయ్యాక చేసే అదనపు పనిలా కనిపిస్తుంది వాళ్ళకి. అందుకే దాన్ని విడి పద్దుగా చూపించకు. "శిక్షణ" అన్న పద్దులోనే శిబిరం, బడి సందర్శన, నెలసరి సమావేశం మూడూ కలిపి రాయి. తగ్గించక తప్పదంటే టీచర్ల సంఖ్య తగ్గించు, సందర్శనలు మాత్రం వదలకు. ఈ విషయంలో మొండిగానే ఉండు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కిందికొచ్చే కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చుపెట్టాలి. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆ కంపెనీ దాని కిందికొస్తుంది. అంటే హైదరాబాదు, విశాఖల్లోని పెద్ద పేర్ల చుట్టూ తిరగక్కర్లేదు. మీ జిల్లాలో ఫ్యాక్టరీ ఉండి లాభాల్లో ఉన్న మధ్యస్థాయి కంపెనీల్ని చూడు. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. వాళ్ళ పాత ఖర్చుల వివరాలు కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో దొరుకుతాయి. ఎవరు చదువు మీద పెడుతున్నారో చూసుకునే వెళ్ళు.

నీ ట్రస్టుకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి. ఆ రెండూ వచ్చాక కంపెనీ వ్యవహారాల శాఖకి సీఎస్ఆర్-1 ఫారం వేసి రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అది లేనిదే ఏ కంపెనీ సీఎస్ఆర్ కింద రూపాయి ఇవ్వడానికి లేదు. దాని మీద చార్టర్డ్ అకౌంటెంటుదో, కంపెనీ సెక్రటరీదో, కాస్ట్ అకౌంటెంటుదో డిజిటల్ సంతకం కావాలి. ఇంకో ముఖ్యమైన మెలిక ఉంది. ఇలాంటి పనుల్లో మూడేళ్ళ అనుభవం చూపించాలి. నీది కొత్త ట్రస్టు కాబట్టి, ఇప్పటికే నంబరున్న పాత సంస్థతో కలిసి వెళ్ళడం మంచిది. దరఖాస్తు వాళ్ళ పేరు మీద, పని నీ చేతుల్లో. ఒప్పందం మాత్రం నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసుకోండి.

మరో సంగతి. "ఆఫీసు ఖర్చులకి 5 శాతానికి మించి ఇవ్వలేం, రూల్సు ఒప్పుకోవు" అని కొందరంటారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకి. ప్రాజెక్టు రూపకల్పనకీ, అమలుకీ, పర్యవేక్షణకీ, మూల్యాంకనానికీ నేరుగా అయ్యే ఖర్చు దాంట్లోకి రాదు. మెత్తగా, రూలు చూపించి చెప్పు. బడులు తిరిగే మనిషి జీతం కూడా ప్రాజెక్టు ఖర్చే.

డాలస్‌లో ఉన్న మీ బావమరిది, అతని స్నేహితులు తలా కొంత వేస్తామన్నారని రాశావు. మంచిదే గానీ జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, వాళ్ళకి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే) కార్డున్నా సరే, పంపితే వస్తుంది. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి కావాలి. ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అనుమతి ఉన్న వేరే సంస్థ తీసుకుని నీకు బదిలీ చేద్దామన్నా 2020 సవరణ తరవాత కుదరదు. కాబట్టి ఎవరి పాస్‌పోర్టు ఏమిటో ముందే అడుగు, మొహమాటపడకు.

క్యాలెండరు గురించి నీకు చెప్పేదేముంది, ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పినవాడివి. కానీ కంపెనీవాళ్ళకి తెలియదు, వాళ్ళది ఏప్రిల్ నుంచి మార్చి లెక్క. జనవరిలో మేలుకుని "మార్చిలోగా ఖర్చుపెట్టెయ్యండి" అంటారు. జనవరి నుంచి మార్చి దాకా హైస్కూల్లో లెక్కల మాస్టార్ని, సైన్సు మాస్టార్ని పదో తరగతి నుంచి కదిలించగలమా? మనకి పనికొచ్చేది జులై నుంచి నవంబరు. అందుకే దీన్ని "ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు"గా మంజూరు చేయమని మొదట్లోనే అడుగు. మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ళ దాకా నడపొచ్చు. ఆ ఏడాది మిగిలిన డబ్బుని కంపెనీ వేరే ఖాతాలో ఉంచి తరవాత వాడొచ్చు. ఈ వెసులుబాటు ఉండగా మార్చిలో హోటల్ హాల్లో హడావుడి శిక్షణలు పెట్టడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

డీఈఓ ఆఫీసు నుంచి, సమగ్ర శిక్ష (ప్రభుత్వ బడుల పథకం) ఆఫీసు నుంచి అనుమతి కాగితం ముందే సంపాదించు. టీచర్లకి ఓడీ (శిక్షణ రోజుల్ని డ్యూటీగా లెక్కేసే అనుమతి) రాకపోతే సెలవు పెట్టుకుని ఎవరొస్తారు? ఆ ఉత్తరం ప్రపోజల్‌కి జత చేస్తే కంపెనీకి కూడా ధైర్యం. అన్నట్టు, ఎమ్ఈఓ గారిని నెలసరి సమావేశానికి పిలుస్తూ ఉండు. ఒకసారి వచ్చి కూర్చుంటే ఆయనే మనకి అండ అవుతారు.

బడ్జెట్లో ప్రొజెక్టరు, ట్యాబులు, బ్యాగులు, షీల్డులు పెట్టకు. భోజనం మాత్రం బాగా పెట్టు, ప్రయాణ ఖర్చు అదే రోజు చేతికివ్వు. టీచర్లని గౌరవించడం అంటే దండలు కాదు, ఇవీ. వస్తువుల పద్దులో చీపురుపుల్లలు, రబ్బరుబ్యాండ్లు, దారం, బెలూన్లు, టార్చి సెల్లులు, చిన్న బల్బులు, తీగ రాస్తే చాలు. కంపెనీ మనిషి చూడ్డానికొచ్చినప్పుడు ఉపన్యాసాలు వద్దు. అతన్నీ టీచర్ల మధ్య కూర్చోబెట్టి ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక్క తీగ ముక్క ఇచ్చి వెలిగించమను. బల్బు అడుగున ఉన్న చుక్క ఒక కొస అనీ, పక్కనున్న లోహపు తొడుగు రెండో కొస అనీ కనిపెట్టేదాకా వెలగదు. ఇంజనీరింగు చదివినవాళ్ళు కూడా చాలాసేపు తిప్పలు పడతారు. వెలిగాక అతని మొహం చూడు. ఆ తరవాత నీ ప్రాజెక్టు ఏమిటో వివరించాల్సిన పనుండదు.

ఫలితాలుగా ఏం వాగ్దానం చేయాలని అడిగావు. పదో తరగతి పాస్ శాతం రాయకు. అది నీ చేతిలో లేదు, ఎవరి చేతిలోనూ పూర్తిగా లేదు. మొదట్లో, ఏడాది చివర్లో పిల్లలకి ఒకే రకం లెక్కలు ఓ పది ఇచ్చి, ఎంతమంది చేశారన్నదానితో పాటు ఎలా తప్పు చేశారన్నదీ నమోదు చెయ్యి. 352 రాసే పిల్లలు ఎంతమంది తగ్గారో చూపించగలవు. టీచరు తరగతిలో పిల్లలు ఎన్ని ప్రశ్నలడిగారో సందర్శనలో రాసుకో. ఇవి నిజాయితీగా కొలవగలిగినవి. ఏ విడత డబ్బుకి ఆ విడత యూసీ (డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ పత్రం), బిల్లులు వెంటనే పంపించు. రెండో విడత ఆలస్యమైతే ఆగిపోయేది నెలసరి సమావేశాలే.

నేర్పేవాళ్ళ కోసం దూరం వెళ్ళొద్దు. కుప్పం దగ్గర, సైన్సుని చేతులతో చేయించి నేర్పే అగస్త్య సంస్థ క్యాంపస్ ఉంది. మా అనంతపురం సరిహద్దు దాటితే కర్ణాటకలోని చళ్ళకెరె దగ్గర బెంగళూరు ఐఐఎస్సీ (భారత విజ్ఞాన సంస్థ) వాళ్ళ కేంద్రం ఉంది, లెక్కలు, సైన్సు టీచర్లకి అక్కడ శిక్షణ ఇస్తుంటారు. నీ ముప్ఫై మందిలోంచి ఇద్దరు ముగ్గుర్ని అలాంటి చోటికి పంపి రావడానికి బడ్జెట్లో కాస్త చోటుంచు. రెండో ఏడు మిగతావాళ్ళకి వాళ్ళే నేర్పుతారు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఈ వారంలో మీ మండలంలో రెండు మూడు బడులు తిరిగి, పిల్లల పలకలు ఫోటోలు తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, మొహాలు పడకుండా. ప్రపోజల్ నాలుగు పేజీలకి మించకుండా రాసి పంపు, బడ్జెట్ షీటు విడిగా పంపు. నేను ఎర్ర పెన్నుతో దిద్దుతాను, నువ్వు కోప్పడకూడదు. దసరా సెలవుల్లో నేనే మీ ఊరొచ్చి నాలుగు రోజులుంటాను. అప్పుడు కలిసి డీఈఓ ఆఫీసుకి వెళ్దాం. గుత్తి వంకాయ చేయాలని చెల్లెమ్మకి ఇప్పుడే చెప్పి ఉంచు.

నీ
ప్రసాదు