నానమ్మ ఇన్‌హేలర్ గురించి

దేవరకొండ

బిడ్డా,

స్టెరాయిడ్ పీలిస్తే నిమోనియా వస్తుందట, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఏళ్లతరబడి ఉండే దమ్ము జబ్బు) ఉన్న నానమ్మకు ఆ మందు మాన్పించమని రాశావు. నువ్వు చదివింది అబద్ధం కాదు. 2007లో వచ్చిన టార్చ్ అధ్యయనంలోనే ఆ సంగతి తేలింది. ఇదే జబ్బున్న ఆరు వేల మందికి పైగా రోగులను మూడేళ్లు చూశారు. ఊపిరి గొట్టాలు విప్పే సాల్మెటరాల్, స్టెరాయిడ్ అయిన ఫ్లూటికాసోన్ కలిపి పీల్చినవాళ్లకు దమ్ము ఉన్నట్టుండి ముదరడం తగ్గింది, నిమోనియా మాత్రం పెరిగింది. చావులు కాస్త తగ్గినట్టు కనిపించాయి గానీ, అది మందు వల్లేనని గట్టిగా చెప్పడానికి వెంట్రుకవాసిలో తప్పిపోయింది.

ఇక పీల్చే స్టెరాయిడ్ ఎవరికి పనికొస్తుందో చూడాలి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు మైక్రోలీటరుకు 300 దాటినవాళ్లకు మేలు ఎక్కువ, 100 లోపు ఉంటే దాదాపు ఉండదు. నానమ్మకు 420 వచ్చింది. పైగా పోయిన చలికాలం ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది కదా. అందుకే డాక్టరు గారు స్టెరాయిడ్‌తో పాటు ఊపిరి గొట్టాలు విప్పే మందులు రెండు, మొత్తం మూడు కలిసినది రాశారు. 2018లో పది వేల మందికి పైగా రోగులతో చేసిన ఇంపాక్ట్ అధ్యయనంలో, రెండు మందుల కన్నా ఈ మూడింటితోనే దమ్ము ముదరడం తగ్గింది. నిమోనియా భయం అక్కడా ఉంది. జ్వరమొచ్చినా, తెమడ రంగు మారినా ఆలస్యం చేయకుండా తీసుకుపోతాను.

నాకు అనుమానమల్లా ఇంకోటి. టార్చ్‌లో చేర్చుకున్నవాళ్లంతా పొగతాగిన అలవాటున్నవాళ్లు. నానమ్మ బీడీ ముట్టలేదు, బతుకంతా కట్టెల పొయ్యి ముందే గడిచింది. వాళ్ల లెక్క ఈమెకు ఎంతవరకు అతుకుతుందో మరి! అయినా చేతిలో ఉన్న లెక్క అదే.

నానమ్మకేమో గోలీ మీదే నమ్మకం. మన మందుల షాపుకొచ్చేవాళ్లూ అంతే, చవకని థియోఫిలిన్ అనే దమ్ము గోలీ అడుగుతారు. అమ్మితే నా గల్లాకు మంచిదే. కానీ పీల్చే స్టెరాయిడ్‌కు తోడుగా తక్కువ మోతాదులో ఆ గోలీ ఇచ్చి బ్రిటన్‌లో పదిహేను వందల మందికి పైగా రోగులను చూస్తే, దమ్ము ముదరడం ఏమీ తగ్గలేదు. 2018లోనే ఆ ఫలితం వచ్చింది. దమ్ము ముదిరినప్పుడు వాడే స్టెరాయిడ్ గోలీలు కూడా ఐదు రోజులు చాలు, పద్నాలుగు రోజులు వేసినా అదే ఫలితమని 2013లో స్విట్జర్లాండ్ వాళ్లు తేల్చారు. మిగిలినవి ఈమె కొంగున కట్టి దాచుకుంటుంది, అదీ నా టెన్షన్. ఊరికే వేసుకుంటూ పోతే ఎముకలు గుల్లవుతాయి, షుగరు పెరుగుతుంది.

ఇంతా చేసి, ఆ పొడి మందును ఒక్కసారిగా గట్టిగా లాగమంటే మెల్లగా చప్పరిస్తుంది. నోరు పుక్కిలించమంటే విసుక్కుంటుంది. నా మాట వినదు. రోజూ పొద్దున వీడియో కాల్ చేసి నువ్వే దగ్గరుండి పీల్పించు.

నాయన